రామతీర్థం దగ్గర ఆగిన బండి

రామతీర్థం చూడాలని మేము అనుకోవడం ఇది నాలుగోసారో, ఐదోసారో. సాలూరు నుంచి విజయనగరం వచ్చిపోతున్నప్పుడల్లా “ఈసారి తప్పకుండా” అనుకోవడం, పని తెమిలేసరికి పొద్దుపోవడం, మళ్ళీ ఇంటిముఖం పట్టడం. పోయిన చలికాలంలో మాత్రం చూశాము. మూడు రోజులు అక్కడే ఉండి మరీ చూశాము. అయితే అందులో సగం సమయం కొండలమీద కాదు, చింతచెట్టు కింద, మా బండి కిందనే గడిచింది.

ముందు ఆ బండి సంగతి చెప్పాలి. అది 1960ల నాటి మహీంద్రా ఫోర్‌వీల్ జీపు. పొడుగు చాసిస్ మీద వెనుక ట్రక్కు తొట్టి కట్టించి ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1941 నుంచి, విల్లీస్ కంపెనీ సైన్యానికి లక్షల సంఖ్యలో చేసిన జీపుకు ఇది మనవరాలి వరస. యుద్ధం అయ్యాక మన దేశంలో మహీంద్రావారు ఆ విల్లీస్ జీపులనే బిగించడం మొదలుపెట్టి, తర్వాత సొంతంగా తయారుచేశారు. మన ఏజెన్సీ ఘాటీలలో ముప్పై నలభై ఏళ్ళపాటు జనాన్ని, చింతపండు బస్తాలను మోసినవి చాలావరకు ఈ జాతివే. మా సంఘానికి ఇది ఒక పెద్దాయన ఇచ్చి వెళ్ళిన బండి. పాచిపెంట పైన, తారురోడ్డు ఆగిపోయినచోట, కొండ ఊళ్ళవాళ్ళు డోలీలో మోసుకొచ్చిన గర్భిణులను ఎక్కించుకుని సాలూరు ఆసుపత్రికి దింపడం దాని ముఖ్యమైన పని. ఫోన్ వస్తే రాత్రి రెండు గంటలకైనా కదలాలి.

దాన్ని తోలేది ఒకే మనిషి. మేమందరం ఆయనను బాబాయ్ అంటాము. అరవై దాటాయి. ముప్పై ఏళ్ళుగా ఆ బండికి ఆయనా, ఆయనకు ఆ బండీ. పాత స్టీరింగు చాలా బరువు. తొట్టి నిండా మనుషులుంటే మలుపులో ఒళ్ళంతా వేసి తిప్పాలి. రెండేళ్ళ క్రితం ఆయన కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవడం మానేసింది. బండి మార్చడానికి డబ్బు లేదు, మనిషిని మార్చడానికి మనసు లేదు. అప్పుడు మా బావగారు పవర్ స్టీరింగు పెట్టించుదాము అన్నారు. ఒక పెద్ద పట్నంలో పాత జీపులకు సోకులు చేసే షెడ్డు ఒకటుంది. అక్కడ అప్పగించాము. మూడు వారాల్లో మెరిసిపోతూ వచ్చింది.

వచ్చిన మొదటివారంలోనే బాబాయ్ అన్నాడు, “బాబూ, బండి నా మాట ఇనడం నేదు” అని. అలవాటు కావాలి కదా అన్నాము. నెల తర్వాత, “సేతికి ఏటీ తెలడం నేదమ్మా, సెక్కబొమ్మని తిప్పినట్టుంది” అన్నాడు. ముసలితనంలో కొత్త వస్తువు నచ్చదులే అని మేము లోలోపల నవ్వుకున్నాము. ఇది ఇక్కడ ఒప్పుకోకపోతే ఈ వ్యాసం రాయడంలో అర్థం లేదు. మూడు నెలలు ఆయన చెప్పాడు, మూడు నెలలు మేము వినలేదు.

ఆ ఉదయం విజయనగరంలో పని చూసుకుని, మేమిద్దరం, బావగారు, బాబాయ్ కలిసి నెల్లిమర్ల మీదుగా బయలుదేరాము. విజయనగరం నుంచి రామతీర్థం పన్నెండు కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నెల్లిమర్ల అనగానే పాతవారికి గుర్తుకొచ్చేది జూట్ మిల్లు. ఎన్నో లాకౌట్లు చూసిన మిల్లు అది. చంపావతి నది ఒడ్డు ఊరు. చుట్టుపక్కల గోగు పంట. చలికాలం మొదట్లో చెరువుల్లో గోగుకట్టలు ఊరవేస్తారు కదా, ఆ వాసన బండిలోకి కొడుతోంది. రోడ్డు పక్కన తేగలు కాల్చి అమ్ముతున్నారు. దూరంగా పచ్చటి పొలాల మధ్య నుంచి నల్లటి రాతికొండలు ఒక్కసారిగా పైకి లేచి కనిపించాయి. “అవే” అన్నారు బావగారు.

సరిగ్గా అప్పుడే స్పీడు బ్రేకరు దిగుతూ ఎడమ చక్రం గోతిలో పడింది. బాబాయ్ చేతులు కదలలేదు, మేము చూస్తూనే ఉన్నాము. బండి మాత్రం తనంతట తనే ఎడమకు దూకింది. ఆయన కుడికి తిప్పాడు. అది వెన్నలా తిరిగి, తిరగవలసినదానికంటే ఎక్కువ తిరిగింది. ఎదురుగా సైకిలు మీద ఒక కుర్రవాడు. వాడు భయపడి సైకిలుతో సహా పంటబోదెలోకి దిగిపోయాడు. మా బండి గట్టు ఎక్కి ఆగింది. వాడి మోకాలు గీరుకుపోయింది, అంతే. లేపి, కడిగి, కట్టుకట్టి, వాడి ముఖంలోకి చూస్తే మాకే కాళ్ళు వణికాయి. బాబాయ్ దిగి తాళంచెవి మా చేతిలో పెట్టాడు. “ఇంక నేను తోలను బాబూ. తోలడం మరిసిపోనానేమో” అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కని మనిషి.

అక్కడికి కూతవేటు దూరంలో ట్రాక్టర్లు, ఆటోలు బాగుచేసే షెడ్డు ఒకటి ఉంది. షెడ్డంటే నాలుగు రేకులు, ఒక చింతచెట్టు. మేస్త్రి సాలూరు లారీషెడ్లలో పని నేర్చినవాడు. ఆ మాట వినగానే మాకు సగం ధైర్యం వచ్చింది. లారీ బాడీలకూ, లారీ మేస్త్రులకూ సాలూరు పెట్టింది పేరని ఉత్తరాంధ్రలో తెలియనిదెవరికి? ఆయన బండిని తాకకముందే బాబాయ్‌ని అడిగాడు, “ఏటయినాది?” అని. మేము చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, “ఆయన్ని సెప్పనీండి” అన్నాడు. బాబాయ్ మూడు నెలలుగా మాకు చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు. మేస్త్రి మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు.

తర్వాత ఆయన చేసిన పరీక్ష మీ ఇంట్లో ఏ బండికైనా పనికొస్తుంది, కనుక చెబుతాము. ఇంజను స్టార్టుచేసి, బాబాయ్‌ని కూర్చోబెట్టి, స్టీరింగును చిన్నగా ఎడమకూ కుడికీ ఊపమన్నాడు. మమ్మల్ని కింద పడుకుని ఏది ముందు కదులుతుందో చూడమన్నాడు. చక్రం కదలాలి కదా? చక్రం కాదు, స్టీరింగు బాక్సే వేలిమందం అటూ ఇటూ ఊగుతోంది! దాన్ని చాసిస్ పట్టీకి పలచని రేకుతో, ఒక గోడకు మాత్రమే బోల్టులు వేసి బిగించారు. బోల్టు రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగుళ్ళు మొదలయ్యాయి. మేస్త్రి గుడ్డతో గ్రీజు తుడిచి ఒక్కొక్కటే చూపించాడు.

ఈ జీపులలో అసలు ఏర్పాటు వేరు. బాక్సు నుంచి ఒక కడ్డీ ముందుకు వెళ్ళి, మధ్యలో ఉండే బెల్‌క్రాంకు అనే ముక్కను తిప్పుతుంది. దానినుంచి రెండు టైరాడ్లు చెరో చక్రానికీ పోతాయి. పవర్ స్టీరింగు పెట్టేటప్పుడు ఆ బెల్‌క్రాంకును తీసేసి, చక్రాలు రెంటినీ ఒకే టైరాడ్‌తో కలిపి, బాక్సు నుంచి అడ్డంగా ఒక డ్రాగ్‌లింకు వేస్తారు. అది తప్పు కాదు, చాలామంది చేసేదే. మరి తప్పెక్కడ? మేస్త్రి ఒక చీపురుపుల్ల తీసుకుని ఒక కొసను నేలమీద వేలితో నొక్కిపట్టాడు. పుల్లను నేలకు సమంగా ఉంచి రెండో కొసను కొంచెం పైకి లేపితే అది దాదాపు తిన్నగా పైకి లేచింది. పుల్లను ముందే ఏటవాలుగా పెట్టి, అంతే ఎత్తు లేపాడు. ఈసారి కొస పక్కకు జరిగింది. “ఈ జరిగిందే మీ సక్రాన్ని తోసీసింది” అన్నాడు. మా డ్రాగ్‌లింకు నిచ్చెనలా నిలబడి ఉంది. కమానుకట్టకు ఒక పట్టీ అదనంగా వేసి, షాకిళ్ళు పొడుగువి వేసి బండి ముందుభాగం ఎత్తారు, అందానికట. దాంతో లింకు ఇంకా ఏటవాలయింది. గోతిలో చక్రం పైకీ కిందకీ పోయినప్పుడల్లా ఆ లింకు చక్రాన్ని తానే తిప్పుతోంది. డ్రైవరు చేతులు కట్టుకుని కూర్చున్నా సరే.

రెండోది ఇంకా చిత్రం. సైకిలు ముందు ఫోర్కు ఏటవాలుగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? చేతులు వదిలేసినా సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు ఒక కారణం. మోటారు బండికీ అంతే. కింగ్‌పిన్ను పైకొస కొంచెం వెనక్కి వాలి ఉండాలి. దాన్ని క్యాస్టర్ అంటారు. విల్లీస్ జీపుకు కంపెనీ చెప్పిన లెక్క 3 డిగ్రీలు. పొడుగు షాకిళ్ళ వల్ల హౌసింగు తిరిగిపోయి మా బండికి ఆ వాలు పూర్తిగా పోయింది. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం మానేసింది. పాత బరువు స్టీరింగు అయితే ఆ లోపం చేతికి తెలిసేది. పంపు తోసే నూనె ఒత్తిడి మధ్యలో దూరి, తెలియనివ్వలేదు. “సెక్కబొమ్మ” అని బాబాయ్ అన్నది అక్షరాలా నిజం.

ఇక చివరిది చూపించడానికి మేస్త్రి కొంచెం తటపటాయించాడు. బాక్సు కింద వేలాడే డ్రాప్‌ఆర్ము మీద నల్లరంగు గోకాడు. రంగు కింద అతుకు! పొడుగు చాలక, రెండు డ్రాప్‌ఆర్ములు కోసి వెల్డింగుతో అతికారు. ఆ అతుకు పక్కనే సన్నటి గీత. “ఇది ఇరిగితే సేతిలో స్టీరింగు ఉంటాది గాని సక్రాలు ఉండవు” అన్నాడు. అది ఉక్కును సాగగొట్టి, వేడితో పదును పెట్టిన ముక్క. గ్యాసుతో కాల్చితే అతుకు పక్కన ఆ పదును పోతుంది. స్టీరింగులో బరువు మోసే ఏ ముక్కకూ వెల్డింగు తగదని మాకు ఆ రోజు వరకు తెలియదు. ఘాటీలో, నిండుచూలాలు వెనుక పడుకుని ఉండగా, ఆ అతుకుమీద మేము ఎన్నిసార్లు దిగామో లెక్కవేసుకోవడానికి మా ఆవిడకు ధైర్యం చాలలేదు. మధ్యలోనే ఆపేసింది.

కొత్త డ్రాప్‌ఆర్మును విజయనగరం దుకాణంవారు మర్నాటికి తెప్పిస్తామన్నారు. లేతుపని కూడా అక్కడే. ఆ రాత్రి నెల్లిమర్లలో తెలిసినవారి ఇంట పడుకుని, మర్నాడు తెల్లవారకముందే మేము కొండలకు వెళ్ళాము. బాబాయ్ రానన్నాడు. మేస్త్రి పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు.

రామతీర్థంలో కొండలు ముఖ్యంగా మూడు: బోధికొండ, గురుభక్తులకొండ, దుర్గకొండ. కింద ఊళ్ళో రామాలయం. శివరాత్రికి ఇక్కడ జరిగే జాతరకు మూడు జిల్లాల జనం వస్తారు. బోధికొండ మీద కోదండరాముని గుడి. 2020 డిసెంబరు చివరలో ఎవరో దుర్మార్గులు ఆ విగ్రహం శిరస్సు ఖండించారు. రాష్ట్రమంతా అట్టుడికింది. 2022లో కొత్త ఆలయం కట్టి మళ్ళీ ప్రతిష్ఠ చేశారు. మా బండి తలుపుమీద సంఘం పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ గొడవల తర్వాత ఇటు రావాలంటే మాలో కొందరికి జంకుగా ఉండిన మాట నిజం. మేస్త్రి ఆ తలుపు పేరు చదివాడు, మేము చూశాము. చదివి, “ఈ బాక్సు ఏ బండిది?” అని అడిగాడు. మధ్యాహ్నం ఆయన ఇంటినుంచి మాకందరికీ అన్నం వచ్చింది.

గురుభక్తులకొండ మెట్లు ఎక్కడం మోకాళ్ళున్నవారి పని. నిలువు రాతికొండ నడుము మీద సన్నటి అరుగులాంటి చోటు, ఆ అరుగు మీద వరసగా ఇటుక కట్టడాల పునాదులు: స్తూపం, చైత్యాలు, భిక్షువుల గదులు. వెనుక కొండగోడ, ముందు లోయ. 20వ శతాబ్దం మొదట్లో పురావస్తుశాఖకు చెందిన అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించాడు. శాలిహుండం, తొట్లకొండ, బావికొండ, ఈ రామతీర్థం అన్నీ ఒకే తీరం వెంట బౌద్ధులు ఎంచుకున్న కొండలు. ఎంచుకోవడంలో వాళ్ళకు వాళ్ళే సాటి. ఆ పొద్దున మంచు విచ్చుకుంటుంటే కింద చెరువులు ఒక్కొక్కటే వెలిగాయి. వాళ్ళు అంతెత్తున బియ్యం ఎలా చేర్చుకున్నారో అని మా ఆవిడ అడిగింది. కావళ్ళతో, కింద ఊళ్ళవాళ్ళే మోసి ఉంటారన్నారు బావగారు. మా డోలీలు గుర్తొచ్చి ఎవరమూ మాట్లాడలేదు.

దుర్గకొండ గుహలో జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి. తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుని కాలపు శాసనం కూడా ఉంది, అంటే 11వ శతాబ్దం తొలినాళ్ళది. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన ఆచార్యుడు ఈ కొండకు వచ్చి నమస్కరించినట్టు అందులో రాశారు. కొండ పేరు అందులో రామకొండ అనే ఉన్నది. బౌద్ధులు, జైనులు, రామభక్తులు ఒకరి తర్వాత ఒకరు ఒకే మూడు కొండలు ఎక్కారన్నమాట. ఇవాళ రాళ్ళమీద ప్రేమికుల పేర్లు చెక్కే కుర్రవాళ్ళు కూడా ఎక్కుతున్నారు. వాళ్ళకు రెండు దెబ్బలు వేయాలనిపించింది.

దిగివచ్చేసరికి పని ఊపుమీద ఉంది. బండికి సోకులు చేసే షెడ్డులో మూడు వారాలు పట్టినదాన్ని ఈయన జాకీలు, చెక్కదుంగలు, నాలుగు పానాలతో విప్పేశాడు. పలచని రేకు తీసేసి పదిమిల్లీమీటర్ల ప్లేటు కోయించాడు. చాసిస్ పట్టీలో బోల్టులు ఇవతలి గోడ నుంచి అవతలి గోడకు దూరేట్టు, మధ్యలో గట్టి గొట్టపు ముక్కలు పెట్టాడు, బిగిస్తే పట్టీ నలగకుండా. పగుళ్ళ కొసలకు చిన్న రంధ్రాలు వేసి, ఇంక పాకకుండా ఆపి, పైన పట్టీ వేశాడు. బాక్సును కిందకి, ముందుకి జరిపి, కంపెనీ డ్రాప్‌ఆర్మే కోత లేకుండా సరిపోయేట్టు చూశాడు. మందపు గొట్టానికి రెండు కొసలా లేతుమీద మరలు కోయించి కొత్త డ్రాగ్‌లింకు చేశాడు. అది టైరాడ్‌కు సమాంతరంగా వచ్చేవరకు ఆయన ఊరుకోలేదు, మూడుసార్లు విప్పించాడు. అదనపు కమానుపట్టీ తీసేసి, పాత కొలత షాకిళ్ళు వేసి, కమానుకూ హౌసింగుకూ మధ్య ఏటవాలు ముక్కలు పెట్టి క్యాస్టర్ తెచ్చాడు.

చిన్నవి రెండు. స్టీరింగు రాడ్‌లో రెండు క్రాసులుంటాయి. వాటి చెవులు ఒక వరసలో లేకపోతే ప్రతి చుట్టులోనూ ఒకచోట బరువు, ఒకచోట తేలిక వస్తుంది. మాకు అదీ ఉంది, సరిచేశాడు. ఇంకొకటి, బాక్సు ఆ కొస నుంచి ఈ కొసకు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి, సగంలో ఆపి, చక్రాలు తిన్నగా ఉంచి, అప్పుడు డ్రాప్‌ఆర్ము బిగించాలి. బాక్సులోపల నడిమిచోటే పళ్ళు బిగువుగా ఉంటాయి, తిన్నగా పోయేటప్పుడు బండి అక్కడ నిలవాలి. మాది అరచుట్టు పక్కన ఉంది. అందుకే కుడి మలుపు ఎప్పుడూ చాలేది కాదు. బాబాయ్ అదీ చెప్పాడు. భుజం లేవక అనుకున్నాము.

పవర్ స్టీరింగును అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే చేసి చూపించాడట. కార్లలో పెట్టి అమ్మడం మాత్రం 1951లో, క్రైస్లర్ కంపెనీతో మొదలైంది. నూనె ఒత్తిడి చేతికి సాయం చేయాలే తప్ప చేతి పని లాక్కోకూడదు. ఇంజను ఆగిపోయినా, బరువుగానైనా చక్రాలు తిరగాలి. మేస్త్రి అదికూడా చూశాడు, ఇంజను ఆపించి బండిని తోయిస్తూ.

మూడోరోజు పొద్దున్న టైర్లమీద సుద్ద పూసి, మేకుతో చుట్టూ గీత గీసి, ఆ గీతల మధ్య దూరం ముందొకసారి, వెనకొకసారి కొలిచాడు. ముందు ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ రావాలి. వచ్చింది. లెక్క చూసి, మేము పట్నంలో ఇచ్చినదానిలో నాలుగోవంతు కూడా అడగలేదు. పట్నం షెడ్డువారికి ఆ అతుకుముక్క తీసుకెళ్ళి చూపించాము, ఆ తర్వాత వారంలో. “అందరికీ ఇలాగే చేస్తామండి” అన్నారు. ఆ “అందరికీ” అన్న మాట మమ్మల్ని ఇప్పటికీ పట్టుకుని వదలలేదు. ముక్కను వాళ్ళకు ఇవ్వలేదు. ఇలాంటి పని చేయించుకున్నవారు మీలో ఎవరైనా ఉంటే డ్రాప్‌ఆర్ము మీద రంగు ఒకసారి గోకించండి.

తాళంచెవి ఎవరు తీసుకోవాలి? బావగారు చెయ్యి చాచలేదు. మేస్త్రి దాన్ని బాబాయ్ ముందు పెట్టి, “నువ్వు తోలితేనే నాకు తెలుస్తాది బావా, బాగైందో నేదో” అన్నాడు. మేము కూడా అడగవలసింది అడిగాము. మూడు నెలలు మీ మాట వినలేదు బాబాయ్, తప్పయింది, అన్నాము. ఆయన ఏమీ అనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఎక్కాడు. ఆ స్పీడు బ్రేకరు దగ్గరికే పోనిచ్చాడు. ఆ గోతిలోనే ఎడమ చక్రం వేశాడు, కావాలనే. బండి ఎగిరిపడింది, కానీ తిన్నగానే పోయింది. వెనక్కి తిప్పి ఇంకోసారి వేశాడు. మూడోసారి కూడా వేస్తుంటే మా ఆవిడ, “చాలు బాబాయ్, నడుములు పోతున్నాయి” అంది.

పది రోజుల తర్వాత రాత్రి పిలుపు వచ్చింది. ఘాటీలో పైనుంచి దిగుతూ, చదునుగా ఉన్నచోట ఆయన బండి ఆపాడు. వెనుక అమ్మాయి తల్లి కంగారుపడి ఏమైందని అడిగింది. స్టీరింగును కొస వరకు తిప్పి ఎక్కువసేపు పట్టి ఉంచితే నూనె కాగుతుందని మేస్త్రి చెప్పి ఉన్నాడు. బాబాయ్ బానెట్టు ఎత్తి, నూనెడబ్బా మీద అరచెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు.

“గోరువెచ్చగా ఉందమ్మా, ఏటీ నేదు” అని చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు.